గైడును మనం ఎంచుకుంటున్నమా? గైడే మనల్ని ఏరుకుంటున్నడా?

నెట్ రిజల్ట్ వచ్చిన రెండో రోజు పొద్దుగాల్నే ఒక తమ్ముడు ఫోన్ జేసిండు. మా పక్క ఊరోడే. నాయిన ట్రాక్టర్ నడుపుతడు, అవ్వ బీడీలు చేస్తది. ఈ పోరడు ఎంఏ తెలుగు చదివిండు. కథలు రాస్తడు, పాట గూడ కడతడు. ఇంట్ల పదో తరగతి దాటిన మొదటోడు వీడే. "అన్నా, పీహెచ్‌డీకి క్వాలిఫై అయిన. ఏ సారు మంచోడో జర చెప్పు, ఆ సారు కిందనే చేస్త" అన్నడు.

మస్తు సంతోషమైంది. గానీ ఫోన్ పెట్టేసినంక సోచాయించిన. అంగడికి పోయి ఎడ్లను చూసి బేరం చేసినట్టు సారును ఏరుకోవచ్చు అనుకుంటున్నడు వీడు (సార్లూ, కోపం చేయకుండ్రి, మాట వరసకు అన్న). అసలు అంగట్ల ఎడ్లే లేకపోతే ఏం బేరం జేస్తడు?

ముందుగాల లెక్క జూద్దాం. యూజీసీ 2022 నవంబర్ల పీహెచ్‌డీకి కొత్త రూల్స్ తెచ్చింది. వాటి ప్రకారం ఒక ప్రొఫెసర్ ఒక్క టైముల 8 మందికి గైడుగ ఉండొచ్చు. అసోసియేట్ ప్రొఫెసర్ అయితే 6గురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ అయితే 4గురికి. పర్మినెంట్ నౌకరి ఉన్నోళ్లే గైడు కావాలె. రిటైర్మెంటుకు మూడేండ్ల కంటె తక్కువ టైం ఉన్న సారు కొత్తోళ్లను తీసుకోవద్దు. రూలు మంచిదే, పిల్లగాన్ని నడిమిట్ల ఇడిసిపెట్టి పోవద్దని పెట్టిన్రు.

ఇగ మన రాష్ట్రం దిక్కు రండ్రి. తెలంగాణ వచ్చినంక స్టేట్ యూనివర్సిటీలల్ల రెగ్యులర్ కొలువులు నింపింది ఎప్పుడు? 2022ల కామన్ రిక్రూట్‌మెంట్ బోర్డు బిల్లు అసెంబ్లీల పాసైంది, గవర్నర్ కాడికి పోయింది గానీ చట్టం కాలే. సాంక్షన్ అయిన పోస్టులల్ల సగం కంటె ఎక్కువ ఖాళీగనే ఉన్నయి. 2025 జనవరిల సర్కారు యూనివర్సిటీ సార్ల రిటైర్మెంట్ వయసు 60 నుంచి 65కు పెంచింది. దాంతోని ఉన్న గైడులు ఇంకొన్నేండ్లు ఉంటరు, అది నిజమే. కొత్త నెత్తురు మాత్రం రాలే. దినాం క్లాసుల నిలబడి పాఠం చెప్పేటోళ్లల్ల మస్తు మంది కాంట్రాక్ట్, పార్ట్ టైం సార్లు, మేడంలు. వాళ్లే 2025ల సమ్మె టెంటు కింద కూసున్నరు. పదిహేనేండ్ల సంది పాఠం చెప్తున్న మేడం ఉంటది, పుస్తకాలు రాసి ఉంటది, నీ కథ మొదటిసారి చదివి మంచిగుంది అన్నది గూడ ఆమెనే అయి ఉంటది. గానీ రూలు లెక్కల ఆమె నీకు గైడు కాదు.

ఒక డిపార్ట్‌మెంటుల ఒక ప్రొఫెసర్, ఒక అసోసియేట్, ఇద్దరు అసిస్టెంట్లు ఉన్నరు అనుకో. 8, 6, 4, 4 కలిపితే 22 కుర్చీలు. ఒక్కొక్కరు ఆరేండ్ల దాంక చదవొచ్చు, ఇంకో రెండేండ్లు పొడిగించుకోవచ్చు. అంటే ఒక్కసారి కుర్చీలు నిండినయంటే ఎన్నేండ్లకు ఖాళీ అయితయో నువ్వే లెక్కగట్టు. ఇటు దిక్కు నెట్ల జేఆర్‌ఎఫ్ రానోళ్లకు పీహెచ్‌డీ అడ్మిషన్ కోసం ఆ మార్కులు ఒక్క ఏడాదే చెల్లుతయి. ఏడాది లోపట కుర్చీ ఖాళీ కాకపోతే, నోటిఫికేషన్ పడకపోతే, మల్ల పరీక్ష రాయాలె. కోచింగ్ పైసలు, హైదరాబాద్‌ల రూం కిరాయి, మెస్సు బిల్లు. అవ్వ చుట్టిన బీడీలు ఎన్ని వేలు పోతయో!

గందుకే అంటున్న, "ఏ సారు మంచోడు" అనే ప్రశ్న రెండోది. "ఎవరి కాడ కుర్చీ ఉన్నది" అనేది మొదటిది. కుర్చీలు తక్కువైన కాడ సారుకు తాకతు ఎక్కువ అయితది. నలభై మంది నిలబడి నాలుగు కుర్చీలుంటే ఏరుకునేది మనం కాదు, ఆయననే. తెలిసిన మొఖమా, మన జిల్లానా, మనోడేనా అనే మాటలు గక్కడ్నే షురూ అయితయి.

ఇగ రెండో చిక్కు. మా తమ్ముడు కథలు రాసేటోడు. పీహెచ్‌డీ జేస్తే ఇంకా మంచిగ రాయొచ్చు అని వాని ఆశ. మన తెలుగు డిపార్ట్‌మెంట్లల్ల పీహెచ్‌డీ అంటే పరిశోధన. నువ్వు నవల రాసి ఇదే నా థీసిస్ అంటే నవ్వుతరు. సినారెనే చూడుండ్రి. సిరిసిల్ల దిక్కు హనుమాజీపేటల పుట్టిండు, ఉర్దూ మీడియంల చదివిండు, ఉస్మానియాకు వచ్చిండు. 1962ల డాక్టరేట్ వచ్చింది దేనికి? ఆధునిక కవిత్వంల సంప్రదాయాలు, ప్రయోగాల మీద చేసిన పరిశోధనకు. ఆయన కవిత్వానికి కాదు. తర్వాత రాసిన విశ్వంభరకు జ్ఞానపీఠ్ వచ్చింది, అది వేరే ముచ్చట. ఎన్.గోపి సారు గూడ కవే, డాక్టరేట్ కోసం వేమన మీద పనిచేసిండు. అంటే కవులు యూనివర్సిటీలకు పోయిన్రు, లోపట ఇంకొకరి కవిత్వం మీద పరిశోధన రాసి బయటికొచ్చిన్రు. తప్పని నేను అంటలేను. వేమనను లోతుగ చదివినోని కలం పదునెక్కుతది. గానీ నీ కథ నీ సొంత టైంలనే రాసుకోవాలె, దానికి మార్కులు లేవు. ఇది ముందుగాల్నే ఎరుక చేసుకొని పోవాలె.

అమెరికాల పద్ధతి వేరే. అయోవా యూనివర్సిటీ 1922లనే సృజన రచనను పై డిగ్రీకి థీసిస్‌గ ఒప్పుకున్నది. 1936ల రైటర్స్ వర్క్‌షాప్ పెట్టిన్రు. ఆడికి 1945ల జార్జియా రాష్ట్రం నుంచి ఫ్లానెరీ ఓకానర్ అనే ఇరవై ఏండ్ల పిల్ల పోయింది. జర్నలిజం చదువుదామని పోయి, వర్క్‌షాపుల చేరుత అని పాల్ ఎంగిల్ అనే సారును కలిసింది. ఆ పిల్ల దక్షిణాది యాస ఎంత చిక్కగ ఉన్నదంటే, సారుకు ఒక్క ముక్క సమజ్ కాలే. ఏం చేసిండు? "మంచిగ మాట్లాడుడు నేర్చుకొని రా" అనలే. కాగితం ఇచ్చి, చెప్పేది రాయమన్నడు. ఆ పిల్ల రాసింది. తెచ్చిన కథలు చదివి చేర్చుకున్నడు. 1947ల ఆరు కథలే ఆమె థీసిస్. తర్వాత అమెరికా కథా సాహిత్యంల ఆమె పేరు ఎంత పెద్దగైందో చదువుకున్నోళ్లకు ఎరుకే.

ఈ ముచ్చట ఎందుకు జెప్తున్న అంటే, యాస సమజ్ కాని పిల్లకు కాగితం ఇచ్చే సారు దొరుకుడే గైడు దొరుకుడు. అంతా అట్లనే ఉంటరని గూడ అనుకోవద్దు. చికాగో యూనివర్సిటీల కర్ట్ వానెగట్ అనే రచయిత ఆంత్రపాలజీల రాసిన థీసిస్‌ను పక్కకు పడేసిన్రు. పేరొచ్చినంక 1971ల, ఆయన రాసిన నవలనే థీసిస్ కింద లెక్కగట్టి డిగ్రీ ఇచ్చిన్రు. పెద్ద యూనివర్సిటీకి గూడ అక్కల్ రానీకె ఇరవై ఏండ్లు పైన పట్టింది.

మన కాడ అసొంటి మంచి ముచ్చట లేదా? ఉన్నది. వరంగల్ దిక్కు దేవునూరుల పుట్టిన బిరుదురాజు రామరాజు ఉస్మానియాల జానపద గేయాల మీద పీహెచ్‌డీ చేసిండు. ఆ తెలుగు శాఖల అదే మొట్టమొదటి పీహెచ్‌డీ. 1950లల్ల అది! ఊర్లల్ల ఆడోళ్లు నాట్లేసుకుంట, ఇసుర్రాయి తిప్పుకుంట పాడే పాటలు యూనివర్సిటీల పరిశోధన అయితయా అని అడిగే కాలం. శాఖను నడిపింది ఖండవల్లి లక్ష్మీరంజనం. పెద్ద పండితుడు. గా పండితుని శాఖ నుంచే మన అవ్వల పాటకు డాక్టరేట్ వచ్చింది. డెబ్బై ఏండ్ల కింద తలుపు తెరిసిండ్రు, ఇప్పుడు జరగొద్దంటే ఎట్ల?

నా ముచ్చట గూడ ఇండ్లనే కలుపుత. నేను మా నాయినమ్మ పాడిన కూలి పాటల మీద చేస్త అని పోయిన. మొదటి గైడు సారు ఇన్నడు, నవ్విండు, "బాగుందయ్యా, కానీ ప్రబంధం మీద చేస్తే గౌరవంగా ఉంటుంది" అన్నడు. ఎదురు చెప్పే దమ్ము లేకుండె. ఏడాదిన్నర ప్రబంధం పట్టుకొని తిరిగిన. నాకు అండ్ల పానం లేదు, సారుకు నా మీద నమ్మకం లేదు. ఒక చాప్టరు ఇస్తే నాలుగు నెలలకు తిరిగిచ్చిండు. ఎర్ర ఇంకుతోని కొట్టేసింది ఏంది అంటే, పాటల ఉన్న "పోతున్నడు"ను "పోతున్నాడు" చేసిండు. ఉదాహరణకు ఇచ్చిన పాటను గూడ దిద్దిండు! పాడింది నాయినమ్మ, దిద్దింది సారు. ఆఖరికి హెచ్‌ఓడీకి అర్జీ పెట్టుకొని గైడును మార్చుకునే వరకు ఇంకో ఏడు నెలలు పోయినయి. రెండో గైడు మేడంకు పెద్ద పేరు లేకుండె. నా రాత ఇచ్చిన వారం దినాలకు అయిదు పేజీల చేతిరాతతోని తిరిగొచ్చింది. "ఈ పాట ఎవరు పాడిన్రు, ఎప్పుడు, ఏ పని జేసుకుంట, అది రాయలేదేంది?" అని అడిగింది. గా ప్రశ్నతోనే నా థీసిస్ మొదలైంది.

ఏటా సెప్టెంబర్ 9న కాళోజీ పేరు మీద తెలంగాణ భాషా దినోత్సవం చేస్తున్నం, స్టేజీ మీద అందరు యాసల మాట్లాడుతరు. థీసిస్‌ల యాస ఉంచాల్నా వద్దా అనేది మాత్రం ఇప్పటికీ గైడు చేతుల ఎర్ర పెన్ను చూసుకుంటది.

మరి ఎట్ల కనుక్కోవాలె? మా తమ్మునికి నేను చెప్పింది గిది. సారు పేరును చూడకు, సారు పిల్లల థీసిస్‌లను చూడు. శోధ్‌గంగ అని వెబ్‌సైట్ ఉన్నది, ఫోన్లనే తెరుచుకుంటది, పైసా అక్కర లేదు. యూనివర్సిటీలు తమ థీసిస్‌లను అండ్ల పెట్టాలె. గైడు పేరు కొట్టి వెతుకు. ఒక సారు కింద వచ్చిన అయిదు థీసిస్‌ల విషయసూచిక ముందట పెట్టుకో. "ఫలానా కవి సాహిత్యం, సమగ్ర పరిశీలన" అని కవి పేరు మారుడు తప్ప, జీవితం, కాలం, రచనలు, శైలి, ముగింపు అని అన్నిట్ల గదే వరస ఉన్నదనుకో, ఆ సారు కాడ అచ్చు పెట్టె ఉన్నది, నిన్ను గూడ అండ్లనే పోస్తడు. ఒకరిది పాట మీద, ఒకరిది వలస కథల మీద, ఒకరిది ఊరి పేర్ల మీద ఉన్నదనుకో, రాత గూడ ఎవరిది వాళ్లదే అన్నట్టు ఉన్నదనుకో, ఆడ గాలి ఆడుతది. కృతజ్ఞతల పేజీ తప్పకుండ చదువు. అందరు సారును పొగుడుతరు, అది వదిలెయ్యి. ఎవరన్న "నా నాలుగో అధ్యాయాన్ని మూడుసార్లు తిరగరాయించారు" అని తిట్టినట్టే పొగిడితే, గా సారు చదివే సారు.

యూజీసీ 2022 రూల్స్‌ల ఇంకో పనికొచ్చే ముక్క ఉన్నది. ప్రతి యూనివర్సిటీ తన గైడుల పేర్లు, వాళ్ల కింద ఉన్న స్కాలర్లు, వాళ్ల టాపిక్కులు, చేరిన తారీఖు వెబ్‌సైట్ల పెట్టాలె, ఏడాదికోసారి సరిచేయాలె. అది చూస్తే ఎవరి కాడ కుర్చీ ఉన్నదో తెలుస్తది. ఏడేండ్ల కింద చేరినోడు ఇంకా అండ్లనే ఉన్నడంటే ఎందుకో ఆ అన్ననే పోయి అడుగు. వెబ్‌సైట్ల లిస్టు లేకపోతే సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు, పది రూపాల ఫీజు.

సీనియర్లను అడిగేటప్పుడు "సారు మంచోడేనా" అని అడగొద్దు. ఎవరైనా మంచోడే అంటరు, వాళ్ల వైవా ఇంకా ఉంటది కద. "చాప్టరు ఇస్తే ఎన్ని దినాలకు తిరిగిచ్చిండు?" అని అడుగు. "సారు ఇంటి గ్యాస్ సిలిండర్ ఎవరు తెస్తరు?" అని గూడ అడుగు. నవ్వుతరు గానీ, జవాబు ఆ నవ్వులనే ఉంటది. కూరగాయలు తెచ్చుడు, పిల్లలను బడి కాడ దించుడు, సారు సన్మాన సభకు కుర్చీలు ఏసుడు, వైవా నాడు భోజనాలు, శాలువలు, ఎగ్జామినర్ లాడ్జి ఖర్చు, ఇవన్నీ పీహెచ్‌డీల భాగమే అనుకునే కాడికి వచ్చినం. ఏ రూల్ల లేవివి.

చెల్లెండ్లకు ఒక మాట. డిపార్ట్‌మెంటుల చదివి పోయిన అక్కలతోనే మాట్లాడుండ్రి, అన్నలకు కొన్ని తెల్వవు. రాత్రి పది దాటినంక ఫోన్ జేసే సారు, ఇంటికి వచ్చి చాప్టరు చూపెట్టమనే సారు ఎంత పెద్ద పండితుడైనా వద్దు. ప్రతి యూనివర్సిటీల అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలె, అది చట్టం. అండ్ల ఎవరున్నరో చేరిన వారంల్నే తెలుసుకోవాలె. పిల్ల పుడితే పీహెచ్‌డీ టైంల 240 దినాల దాంక సెలవు హక్కు. పెండ్లయి వేరే ఊరికి పోతే అక్కడి యూనివర్సిటీకి పరిశోధనను మార్చుకునే తోవ గూడ రూల్స్‌ల ఉన్నది. గైడు చెప్పకపోతే తెల్వదు, చాలామంది చెప్పరు.

ఇది చిన్న ముచ్చట అనుకునేటోళ్లకు ఒక మాట యాద్ జేస్త. 2008ల హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల సెంథిల్ కుమార్ అనే దళిత స్కాలర్ పానం తీస్కున్నడు. సేలం దిక్కు నుంచి ఫిజిక్స్ చదువనీకె వచ్చిన పిల్లగాడు. అప్పటికి ఆయనకు గైడును కేటాయించలే. యూనివర్సిటీ ఏసిన వినోద్ పావరాల కమిటీ, అక్కడి కేటాయింపు పద్ధతులు సాఫ్‌గ లేవని, ఆ దెబ్బ రిజర్వేషన్ పిల్లల మీద పడ్డదని చెప్పింది. 2013ల అదే క్యాంపస్ల ఇంకో స్కాలర్ పోయినప్పుడు గూడ గైడు లొల్లే బయటికొచ్చింది. ఒక సంతకం కోసం ఏండ్లు తిరిగే పిల్లల ఇంట్ల ఆ సంగతి ఎవరికీ తెల్వది, అవ్వకు చెప్తే "సారు మాట ఇనాలె బిడ్డా" అంటది. ఇది చదివేటోళ్లల్ల ఎవరికన్న అసొంటి ఒంటరితనం ఉంటే 14416కు ఫోన్ జేయుండ్రి. టెలీ మానస్, సర్కారుదే, తెలుగుల మాట్లాడుతరు.

చేరినంక గూడ మన చేతుల కొంచెం ఉంటది. ఆరు నెలలకోసారి స్కాలరు రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందట నిలబడి పని చూపెట్టాలె. చాలా కాడ అది సంతకాల తతంగం. నువ్వు మాత్రం ప్రతిసారి రెండు పేజీలు రాసి ఇయ్యి, ఇచ్చినట్టు తారీఖు ముద్ర ఏయించుకో. రేపు గైడుతోని బెడిసినా, గైడును మార్చాల్సొచ్చినా ఆ కాయితాలే మాట్లాడుతయి. రూల్స్ ప్రకారం కో-గైడును గూడ పెట్టుకోవచ్చు. పాటల మీద జేసేటోడు జానపదం తెలిసిన సారును ఇంకో డిపార్ట్‌మెంటు నుంచి అడగొచ్చు. థీసిస్ ఇచ్చే ముందట జర్నల్ల పేపరు అచ్చు కావాల్నన్న రూలును యూజీసీ 2022ల తీసేసింది. పైసలు కట్టి పేపరు ఏయించుకో అని ఎవరన్న తొందర పెడితే, మీ యూనివర్సిటీ సొంత రూలు ఏమున్నదో కాయితం మీద చూపెట్టమనుండ్రి.

కవులకు, కథకులకు ఇంకో మాట, ఇది నా సొంత అభిప్రాయం. నీలెక్కనే రాసే పెద్ద కవిని గైడుగ పెట్టుకోవద్దు. మూడేండ్లల్ల నువ్వు ఆయన నకలు అయితవ్, లేకుంటే ఆయనకు నీ మీద మంట పుడతది. రెండూ చూసిన. రాయకున్నా మస్తు చదివే సారు మేలు. సభలకు తిరిగే సారు కంటె లైబ్రరీల కనబడే నలుగురి కుర్చీల అసిస్టెంట్ ప్రొఫెసర్ మేలు.

ఇవన్నీ ఒక్కో పోరడు, ఒక్కో పిల్ల చేసుకునే ఉపాయాలు. కుర్చీలు పెరగాలంటే సర్కారు కొలువులు నింపాలె, ఇంకో తోవ లేదు. ఇంటర్వ్యూల పిల్లలు చెప్పిన ఆసక్తిని చూసి గైడును కేటాయించాలని 2016 రూల్స్‌లనే రాసిండ్రు. ఏ ఆసక్తికి ఏ గైడు, ఎందుకు అని నోటీసు బోర్డు మీద పెడితే సగం లొల్లి తగ్గుతది. సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న తెలుగు యూనివర్సిటీ అన్నా ముందుకొచ్చి, నవల, దాంతో పాటు వంద పేజీల విమర్శ కలిపితే ఒక థీసిస్ అని ఒప్పుకుంటే ఎంత మంది ఊరి కథకులు లోపలికొస్తరు! అయోవా ఒప్పుకొని వందేండ్లు దాటింది.

మొన్న తమ్ముడు మల్ల ఫోన్ జేసిండు. నోటుబుక్కుల నాలుగు పేర్లు రాసుకున్నడట. ఇద్దరి కాడ కుర్చీలు నిండినయి, ఒక సారు రెండేండ్లల్ల రిటైర్ అయితడు. మిగిలింది ఒక్క మేడం. ఆమె పిల్లల థీసిస్‌లు మూడు డౌన్‌లోడ్ చేసిండు, రెండు చదివిండు. "అన్నా, అండ్ల ఒకటి మా అవ్వ అసొంటోళ్ల మీదనే, బీడీ కార్మికుల కథల మీద" అన్నడు. సోమవారం పొద్దున ఫస్ట్ బస్సుకు పోతున్నడు, తన కథలు గూడ రెండు పట్టుకొని.